మామగారు "వెనక బండిలో వస్తాను" అంటున్నారు

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ కుదించి చెబుతున్నాను.

ఆమెకు 32 ఏళ్లు. వచ్చే శ్రావణంలో 33 నిండుతాయి. పుట్టిల్లు పాతపట్నం, మెట్టినిల్లు పర్లాకిమిడి. బీఎస్సీ నర్సింగ్ చదివారు. మొదట శ్రీకాకుళంలో, ఇప్పుడు బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నారు. జీతం 24,000 రూపాయలు. వారమంతా బరంపురంలో హాస్టల్, సెలవు దొరికిన రోజు ఇంటికి. భర్తకు బజారులో సెల్‌ఫోన్ల షాపు ఉంది. అద్దె పోగా మిగిలేది అంతంతమాత్రం. ఆరేళ్ల బాబు తాతగారి దగ్గరే పెరుగుతున్నాడు. అత్తగారు మూడేళ్ల కిందట పోయారు. మామగారికి 67 ఏళ్లు, గుణుపురం రైల్వే లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకు ఒక్కడే కొడుకు, ఇద్దరు కూతుళ్లు. ఒకామె టెక్కలిలో, ఒకామె రాయగడలో ఉంటారు.

ఆరు నెలల కిందట ఈ సోదరి విశాఖలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లారు. అక్కడి ఏజెంటు చెప్పింది ఇది: "ఆస్ట్రేలియా ఈసారి పీఆర్ (శాశ్వత నివాసం) కోటా 1,85,000కు తగ్గించేసింది. అందులో ఇండియా వాటా దాదాపు నిండిపోయింది. జూన్ 30తో తలుపులు మూసేస్తారు. ఇప్పుడు రెండు లక్షలు కడితే ఫైలు తెరుస్తాం, వీసా వచ్చాక ఇంకో రెండు లక్షలు. రెండేళ్లు తిరిగేసరికి మీ మామగారిని కూడా తీసుకెళ్లిపోవచ్చు." డబ్బు కోసం మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఎకరా ఇరవై సెంట్లు తాకట్టు పెట్టాలని భర్త ఆలోచన. నూటికి రెండు రూపాయల వడ్డీ.

ఉత్తరం చివర ఇలా రాశారు: "కోటా అయిపోకముందే కట్టేయమంటారా, ఆగమంటారా? నిద్ర పట్టడం లేదు. ఇంకో మాట అడగాలంటే భయంగా ఉంది. 'ముందు మీరెళ్లండమ్మా, నేను వెనక బండిలో వస్తాను' అంటున్నారు మామగారు. నిజంగా రాగలరా?"

అమ్మా,

మీ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి సమాధానం మీరు అనుకున్నంత కష్టమైనది కాదు. రెండోదే కష్టం. ముందు మొదటి ప్రశ్న సంగతి చూసి ఆ టెన్షన్ దించుకుందాం. అప్పుడు రెండోదాని గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

1,85,000 అన్న అంకె నిజమే. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఏటా ఎంతమందికి శాశ్వత నివాసం ఇవ్వాలో ముందుగా ఒక లెక్క వేసుకుంటుంది. వాళ్ల సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 2019లో ఆ లెక్కను 1,60,000కు తగ్గించారు. కోవిడ్ తర్వాత మనుషులు చాలక 2022-23లో 1,95,000 చేశారు. 2023-24లో 1,90,000. 2024-25లో 1,85,000. 2025-26కూ అదే 1,85,000. అంటే "ఈసారి తగ్గించేశారు" అన్నది కూడా సరైన మాట కాదు. పోయినేడు ఎంతో ఈ ఏడూ అంతే. పైగా 2025-26 లెక్కను సెప్టెంబరులో గానీ ప్రకటించలేదు. సంవత్సరం మొదలై రెండు నెలలు గడిచినా పని ఆగలేదు, పాత లెక్క మీదే నడిచింది.

ఇక జూన్ 30. ఆ రోజుతో ఆ ఏటి లెక్క ముగుస్తుంది. మర్నాడు జులై 1న కొత్త లెక్క మొదలవుతుంది. ఈ ఏడు చోటు దొరకని దరఖాస్తును చించి పారేయరు, అది వరుసలోనే ఉండి వచ్చే ఏటి లెక్కలోకి వెళుతుంది. వీసా కోసం ఆన్‌లైన్‌లో పెట్టే తొలి అభ్యర్థన, అంటే మన వయసు, చదువు, అనుభవాలకు వచ్చే పాయింట్లు చూపించి "నన్ను పిలవండి" అని అడిగేది, రెండేళ్లు చెల్లుతుంది. దానికి ఫీజు లేదు, ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. మీ ఏజెంటు "సీటు బుక్ చేయాలి" అన్నాడని రాశారు చూడండి, అలాంటి బుకింగ్ ఏదీ లేదు.

"ఇండియా వాటా" అన్న మాట కూడా నిజం కాదు. దేశానికి ఇంత అని గీత గీసే పద్ధతి అమెరికాది. అక్కడ గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతం మించి ఇవ్వకూడదని చట్టం ఉంది, అందుకే మనవాళ్లు అక్కడ ఏళ్లకేళ్లు వరుసలో ఉంటున్నారు. ఆస్ట్రేలియాలో అలాంటి దేశాల వాటా లేదు. ఆ ఏజెంటు రెండు దేశాల సంగతి తెలియక కలిపేశాడో, తెలిసే కలిపాడో నేను చెప్పలేను. ఏదైనా, ఆ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టకండి.

అలాగని కోటాతో మీకు అసలు సంబంధం లేదనుకోవద్దు. సంబంధం ఉంది, కాకపోతే మీరు చూస్తున్న అంకెలో కాదు. ఆ 1,85,000 ఒకే కుండలో ఉండదు. అందులో 1,32,200 ఉద్యోగ నైపుణ్యం ఉన్నవాళ్లకు, 52,500 కుటుంబ సభ్యులకు, మిగిలిన 300 ప్రత్యేక కేసులకు. నైపుణ్యం వాటాలో మళ్లీ అరలున్నాయి. ఎవరి అండా లేకుండా పాయింట్లతో సొంతంగా వెళ్లే 189 వీసా అరలో 2023-24లో 30,375 చోట్లు ఉండేవి. మరుసటి ఏడు అవి 16,900కు పడిపోయాయి. అదే సమయంలో, అక్కడి యజమాని పిలిపించుకునే అర 36,825 నుంచి 44,000కు పెరిగింది. రాష్ట్రాలు ఎంపిక చేసుకునేవాళ్లకు 33,000, పెద్ద నగరాలు కాని ప్రాంతాలకు వెళ్లేవాళ్లకు ఇంకో 33,000 పెట్టారు. పైనున్న మొత్తం కేవలం ఐదు వేలు తగ్గింది. లోపల ఒక తలుపు సగం మూసుకుంది, ఇంకొకటి వెడల్పయింది. మీ నాయనగారు పాతపట్నంలో ధాన్యం పండిస్తారని రాశారు కదా, ఆయనకు చెప్పి చూడండి. కాలువలో మొత్తం నీళ్లు ఎన్ని అన్నదానికన్నా మన మడి దగ్గర తూము ఎంత తెరిచారన్నదే ముఖ్యమని ఆయనే అంటారు.

ఇంకో సంగతి. ఆ అంకెలన్నీ తలల లెక్క, ఫైళ్ల లెక్క కాదు. మీరు, మీ ఆయన, బాబు ముగ్గురూ కలిసి వెళితే మూడు చోట్లు ఖర్చవుతాయి. నర్సులకు మాత్రం ఒక మేలు ఉంది. వైద్యం, బోధన రంగాల వాళ్ల దరఖాస్తులకు అక్కడ ప్రాధాన్యం ఇస్తున్నారు. ఐటీ, అకౌంటింగ్ వాళ్లకన్నా తక్కువ పాయింట్లకే నర్సులకు పిలుపులు వెళ్లాయి. మీ వృత్తి మీకు బలం. ఇది మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు మీ పాయింట్లు లెక్కేద్దాం. మీరు రాసిన వివరాల్లోంచి నేను కాగితం మీద వేసి చూశాను.

వయసు 25 నుంచి 32 వరకు ఉంటే 30 పాయింట్లు. 33 నిండిన రోజు నుంచి 25. శ్రావణం దాటితే ఐదు పోతాయని మీ భయం, అది నిజమే. కానీ అనుభవం దగ్గర ఒక పొరపాటు చేశారు. ఎనిమిదిన్నరేళ్లు అని వేసుకున్నారు. బాబు పుట్టినప్పుడు ఉద్యోగం మానేసి 14 నెలలు ఇంట్లో ఉన్నానని మీరే రెండో పేజీలో రాశారు. ఆ నెలలు లెక్కలోకి రావు. కాబట్టి మీ అనుభవం ఏడేళ్ల నాలుగు నెలలు. ఐదు నుంచి ఏడేళ్ల అనుభవానికి 10 పాయింట్లు, ఎనిమిదేళ్లు నిండితే 15. ఇంకో ఎనిమిది నెలలు పనిచేస్తే ఆ ఐదు పాయింట్లు చేతికొస్తాయి. వయసు దగ్గర పోయిన ఐదు అనుభవం దగ్గర తిరిగి వస్తాయి. డిగ్రీకి 15. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10, నాలుగింటిలోనూ 8 తెస్తే 20. మీ ఆయన ఇంగ్లిష్‌లో 6 చొప్పున తెచ్చుకుంటే ఇంకో 5.

మీకు 7, మీ ఆయనకు 6 చొప్పున వస్తాయనుకుని ఈ రోజు కూడితే 70. ఏడాది తర్వాత కూడినా 70. కనీసం ఉండాల్సినవి 65. ఏదైనా రాష్ట్రం ఎంపిక చేసుకుంటే 5 కలుస్తాయి, ప్రాంతీయ వీసాకైతే 15. ఇంకా చెప్పాలంటే 33 నుంచి 39 ఏళ్ల దాకా వయసుకు అవే 25 పాయింట్లు. అంటే శ్రావణం తర్వాత మీకు మళ్లీ ఏడేళ్ల వరకు వయసు వల్ల పోయేదేమీ లేదు. మీ నిద్ర పోగొట్టిన గడువు జూన్ 30. అది మీకు సంబంధించిన గడువే కాదు.

అసలు జూన్ 30లోపు మీరు ఈ దరఖాస్తు పెట్టలేరు కూడా. ఏజెంటు చెప్పని సంగతి ఇది. నర్సు ముందుగా అక్కడి నర్సింగ్ బోర్డు రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. ఇండియాలో చదివిన చాలామంది నర్సులు దానికోసం రెండు మెట్లు ఎక్కాలి. మొదటిది ఎన్‌క్లెక్స్ పరీక్ష. దాన్ని మన దేశంలోనే రాయొచ్చు. రెండోది ఆస్కీ అని మీవాళ్లు పిలిచే ప్రాక్టికల్ పరీక్ష. దాన్ని అడిలైడ్ వెళ్లి స్వయంగా ఇవ్వాలి. ఆ తర్వాత వృత్తి అర్హత మదింపు. అప్పుడే పాయింట్ల అభ్యర్థన. చదువుకుంటూ, డ్యూటీలు చేసుకుంటూ ఇదంతా పూర్తయ్యేసరికి ఏడాది, ఏడాదిన్నర సులభంగా పడుతుంది. మీ అర్హత ఏ కోవలోకి వస్తుందో చూపే స్వీయ పరిశీలన ఫారం బోర్డు వెబ్‌సైట్లోనే ఉంది. మీరే ఒక గంట కూర్చుని నింపొచ్చు. రెండు లక్షలు ఏజెంటుకు కట్టే బదులు అందులో కొంత భాగం ఐఈఎల్‌టీఎస్‌కు, ఎన్‌క్లెక్స్‌కు ఖర్చుపెట్టండి. పరీక్ష పాసైతే ఆ డబ్బు మీ చేతిలో సర్టిఫికెట్‌గా మిగులుతుంది.

వడ్డీ కూడా ఒక్కసారి చూసుకోండి. నాలుగు లక్షలకు నూటికి రెండు అంటే నెలకు 8,000. మీ జీతంలో మూడో వంతు. ఏడాదికి 96,000. రెండేళ్లు ఆలస్యమైతే అసలులో దాదాపు సగం వడ్డీకే పోతుంది. సలహాదారు సాయం కావాలనిపిస్తే తీసుకోండి, అందులో తప్పు లేదు. కానీ ఆస్ట్రేలియా ప్రభుత్వం దగ్గర నమోదైన వాళ్లకు ఒక నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల రిజిస్టరులో సరిచూసుకోవచ్చు. ఇండియాలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఆ నమోదు తప్పనిసరి కాదు కాబట్టే ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టేస్తున్నారు. నంబరు అడగండి. చెప్పలేకపోతే అక్కడితో ఆపేయండి.

కాగితాల సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను, సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఇది ప్రత్యేకమైన బాధ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. మనం అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకుంటూనే ఉన్నాం గానీ కాగితాల్లో ఆ గీత అలాగే ఉంది. మీ పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. ఒడిశాలో రిజిస్టరైన పెళ్లి సర్టిఫికెట్లో మీ అత్తింటి పేరు చివర ఉంది. బాబు జనన ధ్రువపత్రం ఒడియాలో ఉంది, ఇంగ్లిష్‌లో రాసినప్పుడు మీ పేరులో ఒక అక్షరం మారిందని మీరే రాశారు. మీకు ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. అక్కడ ఫైలు చూసే అధికారికి మాత్రం ముగ్గురు వేరు వేరు ఆడవాళ్లు కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఏ పేరుందో దానికి తగ్గట్టు మిగతావి సరిచేయించుకోండి. కుదరని చోట ఈ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ చేయించండి. ఏ దేశం వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా ఈ పని చేసి తీరాలి.

ఇప్పుడు మామగారి ప్రశ్న.

అమ్మా, దీన్ని నేను తిప్పి తిప్పి చెప్పను. ఇప్పుడున్న నియమాల ప్రకారం మీ మామగారు మీ వెనక శాశ్వతంగా రాలేరు. రెండేళ్లకు కాదు, ఇరవై ఏళ్లకూ కాదు.

మొత్తం 1,85,000లో తల్లిదండ్రులకు పెట్టింది 8,500 చోట్లు. ప్రపంచమంతటి నుంచి, అక్కడ స్థిరపడిన అందరి అమ్మానాన్నలకూ కలిపి అంతే. అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. మామూలు పేరెంట్ వీసాకు వరుస 30 ఏళ్లు దాటింది. ఎక్కువ డబ్బు కట్టి త్వరగా వెళ్లే రకం ఒకటుంది, దానికి ఒక్కరికే 45,000 ఆస్ట్రేలియా డాలర్ల పైన కట్టాలి. ఆ "త్వరగా" అన్నది కూడా ఇప్పుడు పదేళ్లు దాటిపోయింది. 67 ఏళ్ల మనిషికి ఈ లెక్కలు ఏం చెబుతాయో మీకు నేను వివరించక్కర్లేదు.

కానీ మీ మామగారు ఆ వరుస దాకా కూడా వెళ్లరు. పేరెంట్ వీసాకు ఒక షరతు ఉంది. పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా ఏ ఇతర దేశంలోకన్నా అక్కడే ఎక్కువ మంది ఉండాలి. ఆయనకు ముగ్గురు పిల్లలు. మీరు వెళితే ఒకరు అక్కడ, ఇద్దరు ఇక్కడ. టెక్కలి వదినగారు, రాయగడ వదినగారు ఇండియాలో ఉన్నంతకాలం ఆ షరతు తీరదు. ఇది డబ్బుతో తీరేది కాదు, ఓపికతోనూ తీరేది కాదు.

మీరు ఆరు నెలలుగా పెద్ద అంకెను చూసి భయపడుతున్నారు. మీ ఇంటికి తగిలే అంకె ఈ చిన్నది. కోటా అన్నది పనిచేసే వయసువాళ్లకు కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఒక తలుపు ఇరుకైతే ఇంకో తలుపు ఉంటుంది. ముసలివాళ్ల దగ్గరకు వచ్చేసరికి అది గోడ. వాళ్ల ప్రభుత్వం పన్నులు కట్టే వయసు చూస్తుంది, ఆసుపత్రి ఖర్చు చూస్తుంది. ఆ దేశం లెక్క ఆ దేశానిది. కానీ ఏజెంటు "మామగారిని కూడా" అన్న ఆ ఒక్క మాట మీ ఇంట్లో ఎంత పని చేసిందో చూడండి. ఆయన తన పొలం తాకట్టుకు సంతకం పెట్టడానికి సిద్ధమైంది ఆ మాట మీదే. మీరు సర్ది చెప్పుకున్నది ఆ మాట మీదే. నాకు కోపం వచ్చింది అక్కడే.

అయితే ఆయన్ని అసలు చూడలేరని కాదు. సందర్శకుల వీసా మీద వచ్చి కొన్ని నెలలు ఉండొచ్చు, కొందరికి ఏడాది వరకు ఇస్తారు. 870 అని తాత్కాలిక పేరెంట్ వీసా ఇంకొకటి ఉంది. మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు, మొత్తం మీద పదేళ్లు మించకూడదు. దానికి పిల్లల సగం లెక్క అడగరు. దానికీ ఏటా 15,000 అనే హద్దు ఉంది. మీకు పీఆర్ వచ్చి, తగిన ఆదాయం చూపించాకే స్పాన్సర్ చేయగలరు. ఫీజు వేల డాలర్లలో ఉంటుంది, వైద్య బీమా మీరే కొనాలి, ఆయన అక్కడ పని చేయకూడదు. నెలకింత పెన్షన్‌తో, తన ఊళ్లో తన అరుగు మీద బతికిన మనిషికి ఇది అతిథిగా ఉండటమే. కొందరు ఇష్టపడతారు, కొందరు మూడు నెలలకే ఊరు ఊరు అంటారు.

కాబట్టి మీ ముందున్నవి ఇవీ.

అందరూ కలిసి వెళ్లడం. పరీక్షలు రాసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, 189కో రాష్ట్రం ఎంపికకో పెట్టుకుంటే మీ ముగ్గురికీ నేరుగా పీఆర్ వస్తుంది. మీ వృత్తికి ఇది అసాధ్యం కాదు. రెండు మూడేళ్లు పట్టొచ్చు. మీ ఆయన షాపు మూయాలి, అక్కడ మొదట ఏ పని దొరికితే అది చేయాలి. దానికి ఆయన మనసు సిద్ధంగా ఉందో లేదో ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగారా? మామగారు పర్లాకిమిడిలో ఒంటరిగా ఉంటారు, లేదా కూతుళ్ల దగ్గరకు వెళతారు. మీ బాబుకు తాత ఫోన్లో తాత అవుతారు.

ప్రాంతీయ వీసా, అంటే 491. పాయింట్లు 15 కలుస్తాయి కాబట్టి మీకు 85 అవుతాయి, పిలుపు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఇది మొదట ఐదేళ్ల తాత్కాలిక వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా వేరే చోట మూడేళ్లు ఉండి పనిచేశాక పీఆర్‌కు అడగొచ్చు. పేరుకు ప్రాంతీయం గానీ అడిలైడ్, పెర్త్ లాంటి పెద్ద ఊళ్లు కూడా అందులోకి వస్తాయి. పర్లాకిమిడిలో పెరిగిన బాబుకు మెల్‌బోర్న్ కన్నా చిన్న ఊరే సులువని నాకనిపిస్తుంది. ఇందులో మామగారికి 870 స్పాన్సర్ చేయడం మాత్రం ఇంకా వెనక్కి జరుగుతుంది, ముందు మీకు పీఆర్ రావాలి కదా.

అక్కడి ఆసుపత్రి పిలిస్తే ఉద్యోగ వీసా మీద మీరు ముందు వెళ్లడం. ఈ తాత్కాలిక వీసాలకు ఆ 1,85,000తో సంబంధం లేదు. అవి ఏటి కోటా బయట ఉంటాయి. తర్వాత యజమాని ద్వారానే పీఆర్‌కు వెళ్లొచ్చు, అప్పుడు మాత్రం 44,000 అరలో లెక్కకొస్తారు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలుంది. మీరొక్కరే వెళ్లి ఏడాది చూసి, తర్వాత వాళ్లను రప్పించుకునే వీలూ ఉంది. ఇందులో ఉన్న ఇబ్బంది, ఉద్యోగం ఆ యజమాని చేతిలో ఉండటం. బాబుకు దూరంగా ఉండటం ఇంకొకటి. మీరు ఇప్పటికే వారానికి ఆరు రోజులు వాడికి దూరంగా ఉంటున్నారు. పోయిన నెల మీరు ఇంటికి వెళ్లినప్పుడు బాబు అన్నం కలిపి పెట్టమని తాతయ్య దగ్గరకే వెళ్లాడని, మీరు కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయారని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం కాసేపు పక్కన పెట్టాను.

నాలుగోది, మీ ఉత్తరంలో లేనిది. ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు. మీకు ఇంకా వయసు ఉంది. అడ్డం మీకూ తెలుసు, ఒడియా. చదవడం, రాయడం రావాలి, మిడిల్ స్కూలు స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. మీరు పాతపట్నంలో తెలుగు చదువుకున్నారు. కొన్నేళ్లుగా బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ రోగులతో ఒడియా మాట్లాడుతున్నానని రాశారు. మాట వచ్చినవాళ్లకు లిపి ఆరు నెలల పని. ఎన్‌క్లెక్స్‌కు చదివే మనిషికి ఇది పెద్ద బరువు కాదు. పోస్టు ఎక్కడ పడుతుందో చెప్పలేం, గజపతి జిల్లాలోనే కొండ మీద ఊరికి పడొచ్చు. జీతం ఆస్ట్రేలియాతో పోల్చేది కాదు. కానీ పొలం ఉంటుంది, బాబు తాత దగ్గర ఉంటాడు, మీరు ఏ రాత్రికి ఆ రాత్రి ఇంటికి చేరే అవకాశం ఉంటుంది. ఇది ఎంచుకోమని నేను అనడం లేదు. ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు ఇది కూడా ఒక దారని మీకు గుర్తుండాలి, అంతే. రెండింటికీ ఒకేసారి చదవొచ్చు. ఒకటి ఇంకొకదాన్ని అడ్డుకోదు.

ఏ దారిలో వెళ్లినా ముందు మామగారికి నిజం చెప్పాలి. ఇది మీ ఆయన చేయాల్సిన పని. కొడుకు చెప్పాలి, కోడలి మీద వేయకూడదు. ఆడపడుచులిద్దరినీ ఆ రోజు పిలిపించండి, ఎందుకంటే మీరు వెళితే ఆయన బాధ్యత వాళ్ల మీద పడుతుంది. వాళ్లకు తెలియకుండా తీసుకున్న నిర్ణయం తర్వాత ఎన్ని డాలర్లు పంపినా అతకదు. ఆయన పెన్షన్ ఎంత, ఒంట్లో బాగోకపోతే రాత్రిపూట ఎవరు వస్తారు, పండగకు ఎవరింట్లో ఉంటారు, ఇవన్నీ ఆ రోజే మాట్లాడుకోండి. 8,500 గురించి, పిల్లల సగం లెక్క గురించి దాచకుండా చెప్పండి. చిన్న రైలు ఉన్న రోజుల నుంచి పట్టాల మీద పనిచేసిన మనిషి ఆయన. ఏ బండి వస్తుందో, ఏది రాదో ముందే తెలియడం ఎంత అవసరమో ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయన "అయినా వెళ్లండి" అనొచ్చు. ఉత్తరంలో ఆయన గురించి మీరు రాసిన తీరు చూస్తే అలాగే అంటారనిపిస్తుంది. అప్పుడు మీరు వెళ్లడం ఒక రకం. ఆయన వస్తానని నమ్ముతుండగా వెళ్లడం ఇంకో రకం. మొదటిది బాధ. రెండోది మోసం అవుతుంది, మీ ఉద్దేశం కాకపోయినా. లేదా ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చోవచ్చు. అప్పుడు తొందరపెట్టకండి. మీకు ఏడేళ్ల గడువు ఉందని ఇందాకే లెక్కేసుకున్నాం.

దరఖాస్తు జిరాక్సు నీలమణి దుర్గమ్మ గుడిలో అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చానని రాశారు. దాన్ని భద్రంగా ఉంచుకోండి. ఏజెంటుకు మాత్రం "ఇప్పుడు కట్టడం లేదు" అని ఒక్క మాట మెసేజ్ పెట్టండి, ఫోన్లో వాదించకండి. శ్రీకాకుళంలో మీరు మొదట పనిచేసిన ఆసుపత్రి చేతులు మారుతోందని రాశారు. అక్కడి అనుభవం సర్టిఫికెట్ ఈ నెలలోనే వెళ్లి తెచ్చుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, అన్నీ లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం కింద పేరు, హోదా ఉండేలా చూసుకోండి. ఆ సెలవు రోజున బాబునూ తాతగారినీ వెంట తీసుకెళ్లండి.